కనిపించని క్లిప్పు, కనిపించని వేరు: దంతవరుస చికిత్సా పరిభాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఎగుడుదిగుడు పళ్లను సరిచేయడానికి నేడు రెండు మార్గాలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి పళ్లకు అతికించే తీగ క్లిప్పులు, రెండోది తీసి పెట్టుకోగల పారదర్శక అలైనర్లు. రెండింటిలోనూ పంటి వేరు కొంత కురచ అయ్యే అవకాశం ఉన్నది. ఈ హానిని తెలుగులో చెప్పడానికి వాడుతున్న మాటలు, రెండు చికిత్సలను పోల్చే వాక్యాలు విషయాన్ని ఎంతవరకు సరిగా అందిస్తున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చూపించగల వస్తువుకు అరువు మాట సరిపోతుందనీ, చూపించలేని హానికి మాత్రం అర్థం తెలిసే తెలుగు మాట తప్పనిసరి అనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరిభాష, వైద్యరచన, పంటి వేరు, దంతమూలం, అలైనర్లు, క్లిప్పులు, అంగీకారపత్రం, కాళోజీ.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని తన దంతచికిత్స అంగీకారపత్రాన్ని తెచ్చి, అందులోని ఒక వాక్యానికి అర్థం అడిగింది. పత్రం ఇంగ్లీషులో ఉంది. ఆ వాక్యంలో ‘రూట్ రిసార్ప్షన్’ అనే మాట ఉంది. కింద ఆమె సంతకం అప్పటికే ఉంది. నాకు తోచిన తెలుగు మాటలు ఒక్కొక్కటిగా చెప్పి చూశాను. ‘అరుగుదల’ అంటే, “గట్టిగా తోముకుంటే అరుగుతాయా సార్?” అన్నది. ‘కరిగిపోవడం’ అంటే భయపడింది. ‘దంతమూల శోషణ’ అన్నప్పుడు ఏమీ అడగలేదు. ఆమెకు అర్థమైనందువల్ల అడగలేదని నేను అనుకోలేకపోయాను.

తెలుగు సాహిత్యాన్ని బోధించేవారికి ఈ సంఘటనతో పనేమిటన్న ప్రశ్న సహజం. కానీ ఇక్కడ తప్పింది వైద్యం కాదు, వాక్యం. వాక్యం ఎక్కడ తప్పిందో చెప్పవలసిన బాధ్యత భాషా విమర్శకులకు ఉంది. తెలంగాణలోని వైద్య, దంతవైద్య విద్యను పర్యవేక్షించే ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. దానికి కాళోజీ నారాయణరావు పేరు పెట్టారు. ప్రజలు మాట్లాడే తెలుగుకు పుస్తకాల తెలుగుతో సమానమైన గౌరవం కావాలని జీవితమంతా వాదించిన కవి ఆయన. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ పేరున్న విశ్వవిద్యాలయం నుంచి పట్టా పొందిన దంతవైద్యులు తమ రోగికి ఒక హానిని ఏ తెలుగులో చెప్పాలన్నది ఈ ఊరి భాషా ప్రశ్నే.

ఈ వ్యాసంలో ఉదాహరణలుగా ఇచ్చిన ప్రచార వాక్యాలు ఏ ఒక్క సంస్థవో, రచయితవో కావు. కరపత్రాల్లో, బోర్డుల మీద, ఆరోగ్య శీర్షికల్లో మనకు పరిచయమైన ధోరణిని చూపడానికి నేను కూర్చిన నమూనాలు.

2. పన్నును చూసిన తీరు

తెలుగు కావ్యభాషకు పన్ను ప్రధానంగా ఒక అందం. మల్లెమొగ్గలు, మొల్లలు, ముత్యాలు, దానిమ్మగింజలు పంటికి స్థిరపడిన ఉపమానాలు. ‘సుదతి’ అంటే మంచి పలువరుస గలది. కావ్యాల్లో అది స్త్రీ అనే అర్థంలోనే చెల్లుతుంది. ‘కుందరదన’ కూడా అటువంటిదే. ఈ ఉపమానాలన్నీ పెదవులు విడివడినప్పుడు కనిపించే భాగానికే చెందినవి. చిగురు లోపల ఉన్న భాగానికి కావ్యంలో పని లేదు. మొగ్గకు తొడిమ ఉన్నా, ఉపమానం మొగ్గ దగ్గరే ఆగింది.

సంస్కృతం నుంచి వచ్చిన మరో పేరు మాత్రం మనకు ఇక్కడ ఉపయోగపడుతుంది. పంటికి ‘ద్విజం’ అని పేరు. రెండుసార్లు పుట్టేది కనుక ఆ పేరు వచ్చింది. పాలపన్ను ఊడితే మళ్లీ పన్ను వస్తుంది, రెండోది పోతే రాదు. పాలపన్ను ఊడే ముందు దాని వేరును శరీరమే సహజంగా తొలగించుకుంటుంది. ఊడిన పాలపన్నుకు పొడవైన వేరు కనిపించకపోవడానికి కారణం అదే. చికిత్స సమయంలో శాశ్వతదంతానికి జరిగే నష్టం కూడా దాదాపు ఇటువంటి కణాల పనివల్లనే కలుగుతుంది. తేడా ఏమిటంటే, దాని వెనుక మరో పన్ను వేచి ఉండదు. మూడో పుట్టుక లేదన్న ఎరుక ఆ పాత పేరులోనే ఉంది.

నేటి ప్రచారభాష కావ్యభాష వదిలిన చోటునే కొనసాగుతున్నది. ‘ముత్యాల్లాంటి పలువరుస’, ‘కనిపించని క్లిప్పులతో అందమైన చిరునవ్వు’ వంటి వాక్యాల్లో చికిత్స ప్రయోజనమూ కనిపించేదే, చికిత్సకున్న ఇబ్బందీ కనిపించేదే. తీగ బయటికి కనిపించడం లోపం, తొడుగు కనిపించకపోవడం గుణం. ‘కనిపించని’ అన్న విశేషణం పరికరానికి అతుక్కుంది. నిజంగా కంటికి కనిపించనిది పంటి వేరు. అది ఎక్స్-రేలో తప్ప తెలియదు. దాన్ని గురించి ఈ వాక్యాల్లో ఏమీ లేదు. కవి వర్ణన కోసం ఆగిన చోట ఆగడం దోషం కాదు. రోగిని ఒక నిర్ణయానికి పిలిచే వాక్యం అక్కడే ఆగితే అది లోపమే.

3. మూలమా, వేరా?

ముందుగా ఆ అవయవ భాగానికి పేరు కావాలి. వ్రాతలో ‘దంతమూలం’ అనీ, మాటలో ‘పంటి వేరు’ అనీ వాడుక ఉన్నది. పరిభాషాకర్తలకు మొదటిది గంభీరంగా, శాస్త్రీయంగా తోస్తుంది. కానీ అది ఇప్పటికే వేరే పనిలో ఉన్న మాట.

ధ్వనిశాస్త్రం చదివిన తెలుగు అధ్యాపకులకు ‘దంతమూలీయాలు’ బాగా తెలిసినవే. నాలుక కొన పైపళ్ల వెనుకనున్న చిగురుగట్టును తాకగా పుట్టే ల, ర వంటి ధ్వనులకు ఆ పేరు. అక్కడ దంతమూలం అంటే పన్ను మొదలయ్యే చోటు, అంటే చిగురు ప్రాంతం. ఆయుర్వేదంలోనూ అంతే. సుశ్రుతసంహిత నిదానస్థానంలో ముఖరోగాలను స్థానాన్నిబట్టి విభజించి, దంతమూలగత రోగాలు 15 అనీ, దంతగత రోగాలు 8 అనీ వేరుచేశారు. దంతమూలగత రోగాలుగా వర్ణించినవి ప్రధానంగా చిగుళ్ల వ్యాధులు. అంటే వ్యాకరణం, వైద్యం రెండూ దంతమూలం అన్న మాటను పన్ను చుట్టూ ఉన్న మెత్తని భాగానికి కేటాయించాయి. నేడు అదే మాటను ఎముకలో పాతుకున్న గట్టి భాగానికి వాడితే, చదివిన పాఠకుడే ముందు పొరబడతాడు.

‘పంటి వేరు’కు ఈ చిక్కు లేదు. చిగురు, చిగుళ్లు అన్న మాటలు మొక్కకూ పంటికీ సమానంగా చెల్లే భాష మనది. చిగురు ఉన్న పంటికి వేరు ఉండటం వినేవారికి వింత కాదు. పత్తి, మిరప పండించే వరంగల్ పల్లెల్లో వేరు అంటే ఏమిటో, అది పైకి కనిపించకుండానే మొక్కను ఎలా నిలబెడుతుందో ఎవరూ వివరించనక్కరలేదు. బహువచనంలో ఒక చిన్న ఇబ్బంది ఉంది. ‘వేళ్లు’ అంటే చేతివేళ్లు కూడా గుర్తుకు వస్తాయి. ‘వేర్లు’ అన్న వాడుక రూపం దాన్ని తీరుస్తుంది. పళ్ల విషయంలోనూ ఇటువంటి మెలకువ అవసరం. తెలంగాణలో పన్నుకు బహువచనం ‘పండ్లు’. పండుకూ అదే బహువచనం. మాటలో సందర్భం అర్థాన్ని కాపాడుతుంది. కరపత్రంలో ‘పంటి’, ‘పంటికి’ వంటి ఏకవచన రూపాలు వాడితే సందేహమే ఉండదు.

4. హానికి పెట్టిన పేర్లు

జరిగే పని ఏమిటో స్థూలంగా తెలుసుకుంటే పేర్ల మంచిచెడ్డలు తేలుతాయి. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నారకణజాలం ఉంటుంది. వేరుపై సిమెంటం అనే పలుచని గట్టిపొర ఉంటుంది. పంటిని ఒక వైపు నొక్కితే ఆ వైపు ఎముక తొలగుతూ, వెనుక వైపు కొత్త ఎముక ఏర్పడుతూ పన్ను జరుగుతుంది. ఒత్తిడి ఎక్కువైన చోట రక్తప్రసరణ తగ్గి నారకణజాలం నిర్జీవమవుతుంది. దాన్ని తొలగించడానికి వచ్చిన కణాలు పక్కనున్న సిమెంటాన్నీ, ఒక్కోసారి దాని కింది పొరనూ కొంత తినేస్తాయి. ఒత్తిడి తగ్గితే వేరు పక్కలనున్న చిన్న గుంటలు కొత్త సిమెంటంతో పూడుతాయి. వేరు కొస పోతే మాత్రం ఆ పొడవు తిరిగి రాదు. సాధారణంగా దీనికి నొప్పి ఉండదు. ఎక్కువ భాగం కేసుల్లో నష్టం స్వల్పం, పంటి పనికి లోటు రాదు. ఒత్తిడి ఆపగానే ఈ ప్రక్రియ కూడా దాదాపు ఆగిపోతుంది.

ఇప్పుడు మాటలను పరీక్షించవచ్చు.

‘అరుగుదల’: తెలుగులో అరుగుదల రాపిడివల్ల వస్తుంది. చెప్పులు అరుగుతాయి, మోకాళ్లు అరుగుతాయి, పళ్ల పైభాగం అరుగుతుంది. ఈ మాట విన్నవారు సహజంగా పైభాగాన్నీ, తోముకునే బ్రష్షునూ తలచుకుంటారు. హాని చోటూ తప్పుతుంది, కారణమూ తప్పుతుంది.

‘పుచ్చు’, ‘కుళ్లు’: రైతుకు వేరుకుళ్లు తెలుసు కాబట్టి ఈ మాట తేలికగా నోటికి వస్తుంది. కానీ కుళ్లు తెగులువల్ల వచ్చేది. పంటి పుచ్చు సూక్ష్మజీవుల పని. ఇక్కడ సూక్ష్మజీవుల పాత్ర లేదు. పైగా ‘పుచ్చు’ అనగానే శుభ్రత పాటించలేదన్న నింద రోగిపై పడుతుంది.

‘కరిగిపోవడం’: ఉప్పు, మంచు కరిగిపోతాయి. అంటే చివరికి ఏమీ మిగలదు, మధ్యలో ఆగదు. నిజానికి ఇక్కడ ఆగడమే సాధారణం. ఈ మాట విషయాన్ని మించి భయపెడుతుంది.

‘శోషణ’, ‘పునశ్శోషణం’: ఇంగ్లీషు మాటలోని ఉపసర్గను చూసి ‘పునః’ చేర్చినవారు, తెలుగులో అది ‘మళ్లీ’ అన్న అర్థాన్నే ఇస్తుందని గమనించలేదు. మళ్లీ ఏది జరుగుతుంది అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘శోష’ అన్న మాట తెలిసినవారికి శోష వచ్చి పడిపోవడం గుర్తుకు వస్తుంది. తెలియనివారికి ఏ అర్థమూ రాదు. నా విద్యార్థిని మౌనం ఇటువంటిదే.

‘కురచ కావడం’: ఇది కారణాన్ని ఊహించదు, ఫలితాన్ని మాత్రమే చెబుతుంది. ఎంత కురచ అయింది అని అడగడానికి వీలిస్తుంది. మిల్లీమీటర్లలో కొలిచే విషయానికి కొలతను ఆహ్వానించే మాట సరైనది. ఇంట్లో మాటగా ‘వేరు పొట్టిబడుడు’ అన్నా ఇదే అర్థం. దీనికొక పరిమితి ఉంది. వేరు పక్కల పడే గుంటలు ఈ మాటలోకి రావు. వాటిని ‘వేరు పక్కన గుంటలు’ అని విడిగా చెప్పవచ్చు. కొసది తిరిగి రాని నష్టం, పక్కది చాలావరకు పూడే నష్టం. రెండింటికీ వేర్వేరు మాటలు ఉండటం వివరణకు మేలే చేస్తుంది.

5. ‘తక్కువ’ నుంచి ‘లేదు’ వరకు

మాట సరిపడినా వాక్యం తప్పవచ్చు. రెండు చికిత్సలను పోల్చేటప్పుడు తరచు జరిగేది ఇదే.

తీగలతో పంటిని జరిపితే వేరు కురచ కావచ్చన్న ఎరుక కొత్తది కాదు. 1914లో ఓటొలెంగి దీన్ని దంతవరుస చికిత్సతో ముడిపెట్టారు. 1927లో కెచమ్ ఎక్స్-రే చిత్రాల ఆధారంతో చర్చను స్థిరపరిచారు. కంప్యూటర్ సాయంతో వరుసగా తయారుచేసే పారదర్శక అలైనర్లు చాలా తరువాత వచ్చాయి. వాటిలో ప్రసిద్ధమైన ఇన్విజలైన్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి 1998లో లభించింది. అంటే తీగ క్లిప్పుల హానిని గురించి ఎన్నో దశాబ్దాల రచన పోగుపడిన తరువాత అలైనర్లు పోటీలోకి వచ్చాయి. పాతదానికి మచ్చ ముందే ఉంది. కొత్తదాన్ని మచ్చలేనిదిగా చెప్పడం సులభమైంది.

పరిశోధనలు ఏమన్నాయో చూద్దాం. 2008లో బర్బగాలో బృందం, తీయవలసి ఉన్న చిన్న దవడ పళ్లపై మూడు రకాల ఒత్తిళ్లను పోల్చింది. ఒత్తిడి లేని పంటితో పోలిస్తే వేరుపై నష్టం 225 గ్రాముల బలమైన ఒత్తిడికి సుమారు 9 రెట్లు, 25 గ్రాముల తేలిక ఒత్తిడికి సుమారు 5 రెట్లు, పారదర్శక తొడుగుకు సుమారు 6 రెట్లు ఉంది. అంటే తొడుగు తేలిక ఒత్తిడి పక్కన నిలిచింది, ఒత్తిడి లేని పంటి పక్కన కాదు. 2020లో లీ బృందం త్రిపరిమాణ స్కానులతో రెండు చికిత్సలు పొందినవారిని పోల్చినప్పుడు, వేరు కురచ అయిన పళ్లు అలైనర్ల వర్గంలో 56.30 శాతం, తీగ క్లిప్పుల వర్గంలో 82.11 శాతం. సగటు నష్టం మొదటిదానిలో 0.13 మిల్లీమీటర్లు, రెండోదానిలో 1.12 మిల్లీమీటర్లు. మరోవైపు 2017లో ఇగ్లేసియస్-లినారెస్ బృందం జన్యు, చికిత్సా కారకాలను లెక్కలోకి తీసుకొని చూసినప్పుడు, రెండు వర్గాల్లోనూ హానికి లోనయ్యే అవకాశం సమానంగానే కనిపించింది.

ఈ మూడింటినీ నిజాయితీగా కలిపితే వచ్చే వాక్యం: అలైనర్లతోనూ వేరు కురచ అవుతుంది, తీగ క్లిప్పులతో పోలిస్తే సగటున తక్కువగా అయినట్లు కొన్ని పరిశీలనల్లో తేలింది, ఆ తేడా అంతా పరికరానిదే అని చెప్పలేం. ప్రచారంలోకి వచ్చేసరికి ఇదే వాక్యం ‘అలైనర్లతో పళ్ల వేర్లకు హాని లేదు’ అవుతుంది. ‘తక్కువ’ కాస్తా ‘లేదు’గా మారింది.

ఈ మార్పుకు తెలుగు వాక్య స్వభావం కొంత తోడ్పడుతున్నదని నా పరిశీలన. ‘దీనితో భయం లేదు’, ‘నొప్పేమీ ఉండదు’, ‘ఏం కాదు’ అన్నవి మన ఓదార్పు వాక్యాలు. డాక్టరు ‘ఏం కాదమ్మా’ అన్నప్పుడు ఆ మాట సమాచారం కాదు, ధైర్యం. వినేవారికీ అది తెలుసు. అదే వాక్యం అచ్చయి కరపత్రంలోకి వచ్చినప్పుడు ధైర్యం సమాచారంగా చెలామణి అవుతుంది. మాటలో ఉన్న ఆత్మీయత అచ్చులో హామీగా మారడం తెలుగు ఆరోగ్య రచన ఎదుర్కొంటున్న ముఖ్యమైన శైలీ సమస్య. దీని వ్యతిరేక దోషం కూడా ఉంది. ‘56 శాతం పళ్లకు నష్టం’ అని మాత్రమే రాసి, ఆ నష్టం సగటున మిల్లీమీటరులో ఎనిమిదో వంతుకు దగ్గరగా ఉందని వదిలేస్తే పాఠకుడు అనవసరంగా భయపడతాడు. ఎంతమందికి అన్నదీ, ఎంత మేరకు అన్నదీ రెండూ ఒకే వాక్యంలో రావాలి.

మేరను చెప్పడానికి శాస్త్రంలో సులువైన మెట్లు ఉన్నాయి. 1982లో మాల్మ్‌గ్రెన్ బృందం వాడిన కొలమానంలో నాలుగు దశలు: వేరు అంచు గరుకు కావడం, 2 మిల్లీమీటర్ల లోపు తగ్గడం, 2 మిల్లీమీటర్ల నుంచి వేరులో మూడో వంతు దాకా తగ్గడం, మూడో వంతుకు మించి తగ్గడం. వీటిని తెలుగులో చెప్పడానికి ఒక్క పారిభాషిక పదం కూడా అవసరం కాలేదన్నది గమనార్హం. నాలుగో దశకు చేరేది కొద్ది శాతం పళ్లే. ఆ కొద్దిమందిని ముందే గుర్తించడం కోసమే చికిత్స మధ్యలో ఎక్స్-రే తీస్తారు.

6. వాక్యంలో కర్త ఎవరు?

‘క్లిప్పులు పంటి వేరును పాడుచేస్తాయి’, ‘అలైనర్లు వేరును కాపాడతాయి’. ఈ రెండు నమూనా వాక్యాల్లోనూ కర్త పరికరమే. వ్యాకరణం సరిగానే ఉన్నా వైద్యార్థం సరిగా లేదు. హానిని నిర్ణయించే వాటిలో ముఖ్యమైనవి ఒత్తిడి పరిమాణం, పన్ను జరిగిన దూరం, చికిత్సాకాలం, వేరు ఆకారం, పూర్వం పంటికి తగిలిన దెబ్బలు, జన్యుస్వభావం. పంటిని ఎముకలోకి నొక్కే కదలికలూ, వేరును వంచే కదలికలూ మరింత ప్రమాదకరం. పై ముందుపళ్లు ఎక్కువగా దెబ్బతింటాయి.

పోలికలో ఉన్న అసమానత ఇక్కడే బయటపడుతుంది. కొద్దిపాటి వంకరలకు అలైనర్లను ఎంచుకోవడం సాధారణం. నాలుగు పళ్లు తీసి, ఎత్తుపళ్లను చాలా దూరం వెనక్కి జరపవలసిన కేసులకు తీగ క్లిప్పులే ఎక్కువగా వాడుతూ వచ్చారు. ఎక్కువ దూరం జరిగిన పంటి వేరు ఎక్కువ కురచ అయితే, తప్పు తీగదా దూరానిదా? వేరును ఎముకలో తిప్పి నిలబెట్టే పని తీగతో చేసినంతగా తొడుగుతో జరగదు. తక్కువ కదిలిన వేరు తక్కువ నష్టపోవడం పరికరపు గుణంగా లెక్కించాలా, చేయని పనికి దక్కిన ఫలితంగా లెక్కించాలా? మరోవైపు అలైనరును భోజనానికీ, తోముకోవడానికీ తీస్తారు కాబట్టి పంటికి కొంత విరామం దొరుకుతుంది. అది నిజమైన మేలు కావచ్చు. మంచి వాక్యం ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పనక్కరలేదు. వాటిని కప్పిపెట్టకుండా ఉంటే చాలు. ‘పన్ను ఎంత దూరం జరగాలి, ఎంత ఒత్తిడితో జరగాలి అన్నదాన్నిబట్టి వేరు కురచ కావచ్చు’ అన్నప్పుడు కర్త మారుతుంది. పరికరాల పోటీ పక్కకు జరిగి, రోగి పన్ను వాక్యం మధ్యలోకి వస్తుంది.

7. రెండు అభ్యంతరాలు

ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాస్తే సరిపోతుంది కదా అన్నది మొదటి అభ్యంతరం. క్లిప్పు, అలైనరు, ఎక్స్-రే తెలుగైపోయిన మాటలే. వాటిని మార్చనక్కరలేదు. కానీ అవి ఎందుకు తెలుగైనాయో ఆలోచించాలి. క్లిప్పును నోట్లో చూపించవచ్చు, అలైనరును చేతిలో పెట్టవచ్చు. వస్తువే మాటకు అర్థం చెబుతుంది. ‘రిసార్ప్షన్’కు అటువంటి సాక్ష్యం లేదు. అది కంటికి కనిపించదు, నొప్పి పెట్టదు. మాట ఒక్కటే దాన్ని రోగికి తెలియజేయగలదు. ఆ మాటే తెలియకపోతే విషయమే అందదు. అందువల్ల చూపించగల వస్తువుకు అరువు మాట, చూపించలేని హానికి తెలుగు మాట అన్న విభజనను ఆరోగ్య రచనకు ఒక సూత్రంగా ప్రతిపాదించవచ్చు.

‘కురచ’, ‘గుంట’, ‘వేరు’ వంటి మాటలకు శాస్త్ర గౌరవం లేదన్నది రెండో అభ్యంతరం. దీనికి మన భాషా చరిత్రలోనే జవాబు ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల కోసం విస్తృతంగా పరిభాషను సమకూర్చింది. అందులో సంస్కృత సమాసాలకు పెద్దపీట దక్కింది. పరీక్ష రాసే విద్యార్థికి ఆ కచ్చితత్వం అవసరమే. అంతకుముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలు వెలువడ్డాయి. పనిచేసేవారి నోట ఉన్న మాటలకు కచ్చితత్వం ఉన్నదని ఆ కృషి నిరూపించింది. విద్యార్థి పరిభాష, రోగి పరిభాష వేర్వేరు అవసరాలకు పుట్టినవి. ఒకదాన్ని మరొకచోట పెట్టినప్పుడే చిక్కు. పాఠ్యపుస్తకంలో శోషణ ఉండవచ్చు, అంగీకారపత్రంలో ఉండకూడదు.

ఇది కేవలం శైలీ ప్రాధాన్యం కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు తెలిసి ఇచ్చినదే సరైన అంగీకారమని స్పష్టం చేసింది. తెలియని భాషలోని పత్రం మీద సంతకం తెలిసి చేసిన సంతకం ఎలా అవుతుంది? తెలియని తెలుగులో రాసినా ప్రశ్న అదే.

8. ఒక నమూనా

విమర్శ దోషాన్ని చూపి ఆగిపోకూడదు కాబట్టి, పై చర్చకు అనుగుణంగా ఒక చిన్న పాఠాన్ని కూర్చాను. ఇది వైద్యుల సవరణకు లోబడినది.

‘పంటిని జరిపే చికిత్సలో పంటి వేరు కొస కొంత కురచ కావచ్చు. తీగ క్లిప్పులతోనూ, అలైనర్లతోనూ ఇలా జరగవచ్చు. చాలామందికి ఇది చాలా కొద్దిగా ఉంటుంది, పంటి పనికి ఇబ్బంది రాదు. కొద్దిమందికి వేరు మూడో వంతు కంటే ఎక్కువ తగ్గవచ్చు. తగ్గిన పొడవు తిరిగి రాదు. దీనికి నొప్పి ఉండదు, ఎక్స్-రేలోనే తెలుస్తుంది. పన్ను ఎంత దూరం జరగాలి, చికిత్స ఎంతకాలం సాగుతుంది, మీ పంటి వేరు ఆకారం ఎలా ఉంది అన్నవాటినిబట్టి ఇది మారుతుంది. అలైనర్లతో కొంత తక్కువగా జరిగినట్లు కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి, అసలు జరగదని కాదు. మీ ముందుపళ్లకు ఎప్పుడైనా దెబ్బ తగిలి ఉంటే ముందే చెప్పండి. చికిత్స మొదలైన ఆరు నెలలకు ఎక్స్-రే తీసి చూస్తాం. వేరు తగ్గుతున్నట్లు కనిపిస్తే కొంతకాలం చికిత్స ఆపుతాం లేదా మారుస్తాం.’

ఈ పాఠంలో అరువు మాటలు మూడే. మూడూ చూపించగల వస్తువులవే. ‘లేదు’, ‘ఏం కాదు’ వంటి హామీలు లేవు. హాని ఎంతమందికి, ఎంత మేరకు అన్నవి పక్కపక్కనే ఉన్నాయి. చివరి మూడు వాక్యాల్లో రోగి చేయవలసిన పని, వైద్యులు చేయవలసిన పని విడివిడిగా ఉన్నాయి. ఆ వాక్యాలు పత్రంలో ఉన్నప్పుడు అది రోగి దగ్గర తీసుకునే సంతకమే కాక, వైద్యులు ఇచ్చే మాట కూడా అవుతుంది.

9. ముగింపు

తీగ క్లిప్పులా, అలైనర్లా అన్న ఎంపిక రోగీ, వైద్యులూ కలిసి చేయవలసినది. అందులో తీర్పు చెప్పడం భాషా విమర్శ పని కాదు. ఆ ఎంపిక దేని ఆధారంగా జరుగుతున్నదో చూడటం దాని పని. ఇప్పటి తెలుగు వివరణ కనిపించే తీగకూ, కనిపించని తొడుగుకూ మధ్య ఎంచుకోమంటున్నది. ‘దంతమూలం’ అవయవాన్ని మరుగుపరచింది, ‘శోషణ’ హానిని మరుగుపరచింది, ‘లేదు’ అన్న ఓదార్పు కొలతను మరుగుపరచింది, పరికరాన్ని కర్తగా చేసిన వాక్యం కారణాన్ని మరుగుపరచింది. వీటిని సరిదిద్దడానికి కొత్త నిఘంటువు అక్కరలేదు. వేరు, కొస, కురచ, గుంట, ఒత్తిడి, తక్కువ అన్న మాటలు చాలు. ఇతర చికిత్సల అంగీకారపత్రాలనూ ఇదే పద్ధతిలో పరిశీలించడానికి తెలుగు పరిశోధకులకు విస్తారమైన అవకాశం ఉంది. వైద్య కళాశాలలూ, తెలుగు శాఖలూ ఒకే ఊళ్లో ఉన్న వరంగల్ అందుకు అనువైన చోటు.

పై నమూనా పాఠాన్ని ఆ విద్యార్థినికి చదివి వినిపించాను. ఈసారి అర్థం అడగలేదు. తనకు ఏడో తరగతిలో సైకిలు మీద నుంచి పడి ముందు పంటికి దెబ్బ తగిలిందనీ, ఆ సంగతి తననెవరూ అడగలేదనీ, తానూ చెప్పలేదనీ అన్నది. మరునాడు వెళ్లి చెప్పి వస్తానని ఆ పత్రాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకున్నది.